ఇంటి మనిషి బిళ్ళ

పచ్చడి జాడీలు కడుగుతుంటే రత్న చెవిన పడింది ఆ మాట.

"ఆమెకు బిళ్ళెందుకు మేడం? ఇంటి మనిషి కదా!" అన్నాడు పాండు, ఆమె మొగుడు, నవ్వుతూ.

రత్న బిళ్ళ ఏదని అడిగింది స్మిత. వీళ్ళ మామిడికాయ పచ్చడిని తన అంగళ్ళలో పెట్టాలా వద్దా అని చూడటానికి బెంగళూరు నుంచి వచ్చింది. ఊరిగాంలో, మూతబడ్డ బంగారు గని పాత క్వార్టర్సు ఇల్లు అది. ముందు గదుల్లో పచ్చళ్ళ కంపెనీ, వెనక సంసారం. గోడకు చెక్క పలక, దానికి వరసగా మేకులు, మేకుకొక బిళ్ళ, బిళ్ళ మీద పనిచేసే ఆడమనిషి పేరు. పొద్దున రాగానే ఎవరి బిళ్ళ వాళ్ళు తీసి నడుముకు కట్టుకోవాలి, పోయేటప్పుడు మళ్ళీ తగిలించాలి.

"గనిలో ఇట్లే ఉన్నింది మేడం. మేకు ఖాళీగా ఉండాదంటే మనిషి ఇంకా కిందే ఉండాడని. మేము గూడా ఎవర్నీ లోపల వదిలి తలుపెయ్యం. అదే మా బ్రాండు." సీసా మీద అచ్చేయించిన ఆ మాట చూపించాడు పాండు.

మంచి మాటే. పాండు చెడ్డవాడేం కాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు పని ఆపించి అందరికీ మజ్జిగ ఇప్పించేది అతనే. చిలికేది మాత్రం రత్న.

అసలు ఆ పలక రత్న పెట్టించిందే. ఒకసారి పచ్చళ్ళు కలిపే సొన్నమ్మ కారం గదిలో కళ్ళు తిరిగి పడిపోతే, అందరూ పోయారనుకుని పాండు తాళం వేసేశాడు. కూతురు వెతుక్కుంటూ వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. ఆ మర్నాడే రత్న తన నాయన చెన్నప్ప గని బిళ్ళ తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

నాయన గనిలో దిగినన్నాళ్ళూ అమ్మ ప్రాణం ఆ బిళ్ళ మీదే ఉండేది. నాయన పైకొచ్చి, బిళ్ళ తగిలించి, ఇంటికొచ్చి తిని పడుకునేవాడు. అమ్మ ఆయన బట్టల దుమ్ము దులుపుతూ, అంట్లు తోముతూ ఉండిపోయేది. నీ పని అయిందా అని అడిగినవాళ్ళు లేరు. కూతురై ఉండి తానూ అడగలేదు. అమ్మ ఇప్పుడుంటే రత్న కూర్చోబెట్టి కాళ్ళకు నూనె రాసేది.

ఇంటి మనిషట! రాయల్పాడు నుంచి మామిడికాయలు దిగగానే కొరికి పులుపు చూసి, ఉప్పెంతో చెప్పేది ఇంటి మనిషి. వచ్చినవాళ్ళకు టీ పెట్టేదీ ఆమే. "కంపెనీ కంపెనీ అని పొయ్యి మర్సిపోవద్దు తల్లీ," అని అత్త అంటే నవ్వి ఊరుకునేదీ ఆమే.

స్మిత సరేనని చెప్పి వెళ్ళింది. పాండు సంబరంగా ఆమెను బస్సెక్కించడానికి పోయాడు. రత్న సీసా మూత ఒకటి తీసుకుని, గుండ్రాయితో చదును చేసి, మేకుతో చిల్లు పొడిచి, దాని మీద తన పేరు గీసింది. పలక చివర ఇంకో మేకు కొట్టింది. బిళ్ళ మాత్రం తగిలించలేదు, నడుముకు కట్టుకుంది.

సాయంత్రం ఆడవాళ్ళంతా బిళ్ళలు తగిలించి వెళ్ళిపోయారు. పాండు తాళం పట్టుకుని పలక ముందు నిలబడ్డాడు.

"రత్నా, ఈ చివరి మేకు ఎవరిది? ఖాళీగా ఉండాది. ఎవరమ్మా లోపల?"

వెనక వంటింట్లో రత్న సంగటి గిన్నె తోముతోంది. చెయ్యి ఆపలేదు.

"నేనే. నేనింకా పైకి రాలే."