గుడి గడప ముందరి ముగ్గు

ఆ పొద్దున హగరి ఏటి మీద మబ్బులు కమ్ముకున్నాయిగానీ, గాలి వాటిని నిలవనివ్వకుండా తరుముతోంది. కృపమణి పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు తడుతోంది. ఆమె మొగుడు, సంఘపెద్ద సుందరం, కొత్తగా వచ్చిన ఆర్థర్ పాస్టరుతో కలిసి పళ్ళేల ముందు కూర్చున్నాడు.

“కోతపండుగకు మన గుడి గడప ముందర పెద్ద ముగ్గు పడాలమ్మా,” అన్నాడు పాస్టరు. “హిందువుల దగ్గర మనం నేర్చుకోవాల్సింది శానా ఉండాది. బెంగుళూరులో పాస్టరు చదువు చదివేటప్పుడు మాకు అదే చెప్పిరి. నిన్న సంఘం కూడా ఒప్పుకునింది.”

“మా ఇంటామె చెయ్యి చూడాల మీరు,” అన్నాడు సుందరం. “ఒక్క సుక్క తప్పదు.”

రొట్టె మీద ఆమె చెయ్యి ఆగింది. మరిచిపోయినాడా? తొమ్మిదేళ్ళ కిందట, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసిన ఏడు, బిడ్డకు జ్వరం తగ్గిన సంతోషంతో పక్కింటి సిద్దక్క దగ్గర నేర్చుకుని తన వాకిట్లో ఒకే ఒక్క ముగ్గు వేసింది. ఆదివారం గుళ్ళో అందరి ముందరా ఆమెను నిలబెట్టి, అన్యుల ఆచారం చేసిందని, మూడు నెలలు ప్రభువు బల్లకు, ఆ రొట్టే ద్రాక్షరసమూ తీసుకోడానికి, రాకూడదని కాగితం చదివింది ఈ సుందరమే. ఇంటికొచ్చి “నా తల దించితివి కదే” అన్నాడు. ఆ మూడు నెలలూ గుడి ఊడ్చింది తనే. బల్ల మీది గుడ్డ ఉతికింది, ద్రాక్షరసం గిన్నె తోమింది తనే. ఆ గిన్నెలోది తాగడానికి మాత్రం పనికిరాలేదు. గోడవతల నేర్చుకుంటే ఆడదానికి పాపమైంది. బెంగుళూరు పోయి నేర్చుకుంటే మగవాళ్ళకు చదువైంది.

“ఎవరు నేర్పిరమ్మా?” అడిగాడు పాస్టరు.

“పక్కింటి సిద్దక్క. అందుకే నన్ను మూడు నెలలు బల్లకు దూరం పెట్టిరి అయ్యగారూ. కాగితం చదివింది ఈయనే.”

పాస్టరు తుంచిన రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

“ఆ పాత మాట ఇప్పుడేల?” సుందరం గొణిగాడు. “కాలం మారె. ఏసెయ్యి, అయిపోతాది.”

“ఆ పొద్దు యాడ నిలబడి చదివితిరో ఆడనే నిలబడండి. ఆమెది తప్పు కాదు, మాదే తప్పని అందరి ముందరా చెప్పండి. అంతవరకూ నేను ముగ్గుపిండి ముట్టను.”

కాల్చి పెట్టిన మూడు రొట్టెలూ తెచ్చి, తనకూ ఒక పళ్ళెం వేసుకుని, వాళ్ళకు ఎదురుగా కూర్చుంది. పదిహేనేళ్ళ కాపురంలో మగవాళ్ళతో పాటు ఆమె కూర్చోవడం అదే మొదలు. ముగ్గురూ తిన్నారు. రొట్టెలు అయిపోయినాయి. పొయ్యి మీద పెనం ఖాళీగా కాలుతోంది. లేచి ఇంకొకటి కాల్చమని ఎవరూ ఆమెకు చెప్పలేదు.