ఒంటి నక్షత్రం మీద గురి

మా ఆయనా నేనూ ఒకే ఆఫీసు. నాది పైఅంతస్తు, గ్రహాల మీద పరిశోధన. ఆయనది కింద. అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపుని అడిగిన వైపు తిప్పి, కదలకుండా నిలబెట్టడం ఆయన పని. అది నిలబడాలంటే రెండు నక్షత్రాల ఆసరా కావాలి. ఒకదాని మీద గురి నిలుస్తుంది, రెండోది టెలిస్కోపు పక్కకి ఒరగకుండా ఆపుతుంది. ఇంట్లో గోడకి మేకు తిన్నగా కొట్టలేని మనిషికి ఈ పని ఎవరిచ్చారా అని చాలాసార్లు అనుకున్నాను.

నేను చూస్తానని అడిగింది ఒకే ఒక్క గ్రహం. అది తన నక్షత్రానికి అడ్డంగా వచ్చేది పదకొండేళ్ళకోసారి. ఆ కొన్ని గంటలూ కన్నార్పకుండా చూస్తే దాని గాలిలో ఏముందో తెలుస్తుంది. ఈసారి తప్పితే, మళ్ళీ వచ్చేసరికి నేను రిటైరైపోయి ఉంటాను. నా దరఖాస్తుని రెండుసార్లు తిప్పికొట్టారు. మూడోసారి కాళ్ళరిగేలా తిరిగి సాధించుకున్నాను.

తీరా గ్రహం అడ్డం వచ్చే రోజు మధ్యాహ్నం, ఆసరాకి మొదటి నక్షత్రం దొరికింది గానీ రెండోది దొరకలేదు. నక్షత్రాల పట్టికలో ఒక్కటే అని రాసివున్న చుక్క నిజానికి రెండు, అంటుకున్నట్టు దగ్గరగా ఉన్నాయి. దేన్ని పట్టుకోవాలో తెలియక యంత్రం తడబడి వదిలేసింది. ఇంకోదాన్ని వెతికే వ్యవధి లేదు.

ఒంటి నక్షత్రం మీద కూడా నడపవచ్చు. టెలిస్కోపు కొంచెం ఒరుగుతుంది, చిత్రం అంచులు చెదురుతాయి. నా గ్రహం కనిపించే చోటు, గురి నిలిచిన ఆ ఆసరా నక్షత్రం పక్కనే కనుక నాకు నష్టం లేనట్టే. యంత్రానికీ ప్రమాదం లేదు. ఒప్పుకోవాల్సింది మా ఆయనే. నేను మెట్లు దిగి వెళ్ళేసరికే ఆయన నా పని రద్దు చేసి, టెలిస్కోపుని తర్వాతివాళ్ళు అడిగిన వైపు తిప్పేశారు. నిబంధన ప్రకారం రెండు ఉండాలని, నా మొహం చూడకుండానే చెప్పారు. గదిలో ఉన్నవాళ్ళంతా తలలు దించుకున్నారు. నేను మళ్ళీ మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాను. పోట్లాడే ఓపిక లేదు, అంతే.

సాయంత్రం ఇద్దరం ఒకే కారులో బయల్దేరాం. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అడిగాను.

"ఇంకెవరిదైనా అయితే ఒంటి నక్షత్రం మీద నడిపేవారా?"

ఆయన తాళంచెవి బల్ల మీద పెట్టారు. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు. ఇన్నేళ్ళుగా నాకు నచ్చిన గుణం అదే. ఆ పూట మాత్రం అది లేకపోతే బాగుండుననిపించింది.

"నడిపేవాణ్ణి. పోయిన నెల నడిపాను కూడా. నీదని తెలిసే ఆపాను. మొగుడు కాబట్టి చేశాడంటే, రేపు నువ్వేం కనిపెట్టినా ఎవరూ నమ్మరు. నీ పేరు పాడవకూడదనే."

కోపం రావాల్సింది. ఏడుపొచ్చింది. అక్కడ ఆ గ్రహం ఇంకా అడ్డంగానే ఉంది. ఇప్పుడు ఫోన్ చేసినా, టెలిస్కోపు మళ్ళీ అటు తిరిగేలోపు దాటిపోతుంది.

"నా పేరు సంగతి నేను చూసుకునేదాన్నండీ," అన్నాను. "మీరు టెలిస్కోపు చూసుకుంటే సరిపోయేది."