ఎనిమిదో పూత

గోడలకు సున్నం కొట్టేవాళ్ళు ఊరినిండా ఉంటారు. కొట్టిన సున్నాన్ని పొరపొరగా ఒలిచేవాళ్ళం మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందిమి. "ఇంత చదువూ చదివి చివరికి గోడలు గోక్కుంటోంది" అని మా మేనమామ నలుగురిలో నవ్వుతుంటాడు. గోక్కుంటున్న మాట నిజమే. ముప్పై ఏళ్ళుగా ఆ గోకుడే నాకు అన్నం పెడుతోంది. ఒక సన్నటి కత్తి, ఒక మెత్తటి కుంచె, మోకాళ్ళ కింద పాత దిండు ఉంటే చాలు, పాత కట్టడాల శాఖవాళ్ళు ఏ గోడ చూపిస్తే ఆ గోడ ముందు కూలబడతాను.

ఈసారి వాళ్ళు చూపించిన గోడ ఒక జైలుది. యుద్ధంలో అవతలివాళ్ళు మన సైనికులను పట్టుకుని అందులో పెట్టారు. యుద్ధం ముగిశాక సరిహద్దు కాస్త జరిగి, ఆ జైలు మన వైపుకు వచ్చింది. మనుషులు మాత్రం రాలేదు. వెళ్ళిపోతూ వాళ్ళు కాగితాలన్నీ తగలబెట్టారు. ఆ తర్వాత యాభై ఏళ్ళపాటు అందులో విత్తనాల బస్తాలు నిలవ చేశారు. మూడో గదిలో బస్తాలు తీసేసినప్పుడు, సున్నం పెచ్చు ఊడిన చోట ఒక పేరు కనిపించింది. అందుకని నన్ను పిలిచారు.

పదకొండు మంది ఉండేవారు ఆ గదిలో. ఏటా వానలు వెలిశాక జైలుకు సున్నం కొట్టేవారు, దాంతో పేర్లు కప్పబడిపోయేవి. పచ్చి సున్నం మీద వాళ్ళు మేకుతో మళ్ళీ రాసుకునేవారు. పాత గీతల్లో మేకు ఇరుక్కుంటుంది కాబట్టి ప్రతి ఏడూ ఒక జానెడు కుడివైపుకు జరిగి రాశారు. అలా ఏడేళ్ళకు ఏడు నిలువు వరుసలు. మొదటి వరుస తల మీద పట్టుబడిన సంవత్సరం ఉంది. ఒక్కో వరుసను దాని లోతు దాకా ఒలుచుకుంటూ వెళ్ళాను. ఆ గదిలో తెల్లటి పొడి గాలిలో తేలుతూ ఉండేది. ఒక్కోసారి నా కత్తి ఆగాక కూడా గోకుతున్న చప్పుడు వినిపించేది. ఎవరో గోడకు అవతలినుంచి నావైపుకు ఒలుచుకుంటూ వస్తున్నట్టు ఉండేది. భయం వేసేది కాదు. తోడున్నట్టే ఉండేది.

తప్పు చేసింది నేనే. ఏ ఏటి పూత మీద పేరుంటే ఆ ఏడు ఆ మనిషి బతికున్నట్టేనని నాకు నేనే ఒక సూత్రం పెట్టుకున్నాను. పదకొండు పేర్లూ ఏడో వరుస దాకా ఉన్నాయి. అంతే, పదిళ్ళకు ఉత్తరాలు రాసేశాను, మీ ఇంటి మనిషి ఏడో ఏడు దాకా ప్రాణాలతో ఉన్నారని. పదకొండో ఇల్లు మాదే. ఆ ఉత్తరం మాత్రం రాయలేదు.

పదకొండో పేరు మా అమ్మ మొదటి భర్తది. ఆయన షాపులకు బోర్డులు రాసేవాడు. పెళ్ళయిన ఏడాదికే యుద్ధానికి వెళ్ళి పట్టుబడ్డాడు. "జాడ తెలియలేదు" అని రెండు ముక్కల కాగితం వచ్చింది. మూడేళ్ళు ఎదురుచూసి, నాలుగో ఏట అమ్మ మా నాన్నను చేసుకుంది. నాన్న గడియారాలు బాగుచేసేవాడు. మా ఇంట్లో పది గడియారాలు పది వేళలు చెప్పేవి, ఏది సరైన వేళని అడిగితే ఆయన నవ్వేవాడు. ఆయన పోయి రెండేళ్ళయింది. నాన్న ఉన్నన్నాళ్ళూ అమ్మ తన మొదటి భర్త ఊసెత్తలేదు.

నేను ఆ జైల్లో పని ఒప్పుకున్నానని తెలిసిన రోజు, మధ్యాహ్నం కునుకులోంచి కళ్ళు విప్పకుండానే అమ్మ మాట్లాడింది.

"ఆయన కలలోకి వస్తున్నాడే. నిచ్చెనెక్కి బోర్డు రాస్తుంటాడు. ఏం రాస్తున్నాడో చదువుదామంటే నిచ్చెన అడ్డం."

"కలలే కదమ్మా."

"నాకొక్కటి చెప్పు చాలు. నేను మీ నాన్నని చేసుకున్ననాటికి ఆయన బతికున్నాడా, లేదా? మిగతాదంతా నాకొద్దు."

చూసి చెప్తానన్నాను. అప్పటినుంచీ తప్పించుకు తిరుగుతున్నాను. ఏడో వరుస దాకా పేరుందని తెలిశాక ఇంకా ఎక్కువ తప్పించుకున్నాను.

ఒకరోజు మూడు గంటలవేళ, పైకిటికీ లోంచి ఎండ గోడ మీదికి ఏటవాలుగా పడింది. అప్పటిదాకా కనిపించనివి కనిపించాయి. మొదటి వరుసలో పదకొండు పేర్లు పదకొండు చేతిరాతల్లో ఉన్నాయి. అందులో ఒక్క పేరు కిందే గీత ఉంది, ఆయన పేరు కింద. మేకుతో గీస్తే పచ్చి సున్నం గీత చివర చిన్న ముద్దగా పోగవుతుంది. ఆ గీతకు ముద్ద ఎడమవైపు ఉంది, అంటే కుడినుంచి ఎడమకు గీశారు. ఎడమచేతివాటం మనిషి. రెండో వరుసలో అలాంటి గీతలు మూడు పేర్ల కింద ఉన్నాయి. మూడో వరుసలో ఆరు. నాలుగో వరుస నుంచి పదకొండింటి కిందా ఉన్నాయి. అన్ని ముద్దలూ ఎడమవైపే. గీత ఉన్న పేర్ల అక్షరాలు కూడా ఒక్క చేతివే.

కత్తి కింద పెట్టేశాను. సున్నం కొట్టినప్పుడల్లా లేనివాళ్ళ పేర్లు మాసిపోకూడదని ఆయన తిరిగి రాశాడు. వాళ్ళు చనిపోయారో, ఇంకెక్కడికైనా పంపేశారో గోడ చెప్పదు. నాలుగో ఏటికి ఆ గదిలో రాసేవాడు ఆయనొక్కడే. నేను పదిళ్ళకూ లేని ఆశ, తప్పు తేదీలు పంచిపెట్టాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఆ సిగ్గు వెనకాలే ఒక దొంగ ఆలోచన కూడా వచ్చింది. అమ్మకు "పేరున్నంత మాత్రాన మనిషి బతికున్నట్టు కాదటమ్మా" అని చెప్పొచ్చు. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. నాలుగో వరుస రాసిన ఏడే అమ్మ పెళ్ళి. ఐదో వరుస రాసిన ఏడు నేను పుట్టాను. ఆయన ఇక్కడ పదిమంది పేర్లు రాసుకుంటున్న రోజుల్లో మా ఇంట్లో నాకు ఉయ్యాల కట్టారు. ఇది అమ్మకు ఎలా చెప్పను?

ఆ సాయంత్రం ఆ మాటే అన్నాను. అమ్మ చివరిదాకా విని, "మెడ గోక్కుంటున్నావు" అంది.

"ఉక్కగా ఉంది."

"మీ నాన్న కూడా అంతే. గడియారం పాడు చేసిన రోజే మెడ గోక్కునేవాడు. రేపు నన్ను తీసుకెళ్ళు."

తీసుకెళ్ళాను. అమ్మకు చూపు ఆనదు. గోడ దగ్గర నిలబడి చెయ్యి చాచింది.

"ముట్టుకోకూడదమ్మా, పెచ్చు రాలుతుంది."

"మొగుడి పేరేనే. ముట్టుకుంటే అరిగిపోతుందా?"

ఆవిడ వేలు పట్టుకుని మొదటి వరుసలో ఆయన పేరు మీద పెట్టాను. వేలు కిందికి దిగి గీత పట్టుకుంది. "ఆయనే," అంది. "ముందు గీత గియ్యందే అక్షరం రాసేవాడు కాదు. ఎంత చిన్న బోర్డైనా సరే." వేలు గీత వెంట ఎడమవైపుకు వెళ్ళి ముద్ద దగ్గర ఆగింది. "పక్కన కూచుని అన్నం తింటే ఆ ఎడంచెయ్యి నాకు తగులుతూనే ఉండేది."

రెండో వరుస తడిమింది, మూడోది తడిమింది. నాలుగో వరుసలో పైనుంచి కిందిదాకా ఒక్కో గీతా ఒక్కో ముద్దా తడుముకుంటూ వచ్చింది. "అన్నీ ఆయనే రాశాడు," అంది. "ఇది ఎన్నో ఏడు?"

"నాలుగు."

అమ్మ అరచెయ్యి ఆ వరుస మీద ఆనించింది. ఎండలో సున్నపు పొడి మా ఇద్దరి చుట్టూ తేలుతోంది. ఆవిడ జుట్టేదో, పొడేదో తెలియకుండా పోయింది.

"బతికే ఉన్నాడు," అంది.

"నీకు తెలీదు కదమ్మా అప్పుడు."

"తెలీకపోవడం వేరు, బతికుండటం వేరు." ఐదో వరుస మీదికి చెయ్యి జరిపింది. "ఇది నువ్వు పుట్టిన ఏడు. మీ నాన్నని చేసుకున్నందుకు నాకు ఒక్కరోజూ బాధ లేదే. ఈయన ఇక్కడుండగా చేసుకున్నందుకు ఉంది. రెండూ ఉంటాయి. ఒకదాంతో ఇంకోటి చెల్లదు."

ఆవిడ ఏడవలేదు. ఏడ్చింది నేను. అమ్మను మభ్యపెట్టబోయినందుకు ఏడ్చాను, మా నాన్న గుర్తొచ్చి ఏడ్చాను, ఎన్నడూ చూడని ఆ మనిషి కోసం కూడా ఏడ్చాను. అమ్మ నన్ను పట్టించుకోకుండా ఆరో వరుస, ఏడో వరుస దాటింది. తర్వాత చేతికి ఏమీ తగలలేదు. నున్నటి గోడ మీద అరచెయ్యి అటూ ఇటూ తిప్పింది.

"ఇక్కడివేవీ?"

"లేవమ్మా. ఇది ఎనిమిదో పూత, ఆఖరిది. దీని మీద ఎవరూ రాయలేదు."

"ఎవరూ లేకపోతే ఎవరు రాస్తారు?" అంది అమ్మ. "పదిమందికీ ఆయన రాశాడు. ఆయనకి రాయడానికి ఎవరు మిగిలారు?"

గోడ మీద చెయ్యి వేసినందుకే ఎందరినో కసిరి బయటికి పంపినదాన్ని. తడి కుంచె తీసుకుని ఎనిమిదో పూతను ఒక జానెడు మేర తడిపాను. పనిసామాను పెట్టెలోంచి మేకు తీసి అమ్మ చేతిలో పెట్టాను.

ముందు గీత గీసింది. చూపు ఆనక గీత వంకరపోయింది. దాని మీద పదకొండు పేర్లలో ఆయన పేరొక్కటే రాసింది. పెళ్ళయిన కొత్తలో కూడా మొగుణ్ణి పేరు పెట్టి పిలిచి ఉండదు, అలాంటిది రాస్తూ పైకి పలికింది. మేకు నాకిచ్చేసి, "నిచ్చెన దిగాడు," అంది.

మర్నాడు పదిళ్ళకూ క్షమాపణతో మళ్ళీ ఉత్తరాలు రాశాను. వాళ్ళవాళ్ళ సొంత చేతిరాత ఏ ఏట ఆగిందో, ఆ తర్వాత ఆ పేరును ఎవరు నిలబెట్టారో రాశాను. శాఖవాళ్ళకు ఇచ్చే నివేదికలో చివరి పేజీ ఇలా నింపాను: ఎనిమిదో పూత. పేరు ఒకటి. సున్నం ముద్ద గీతకు కుడివైపు ఉంది. రాసింది భార్య.