నలభై మూడు దుప్పులు

ఎర్రకుంట అడవి బీటులో దుప్పులు అరవై ఒకటి. బీటు గార్డు రాయమల్లు లెక్కపెట్టాడంటే అంతే. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.

ఏటా వైశాఖంలో, అడవిలో మిగతా నీళ్లన్నీ ఎండిపోయాక, కుంట పక్క మంచె మీద ఒకరోజు పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకేదాకా కూర్చోవాలి. దుప్పి వచ్చి నీళ్లలో మూతి పెడితే, ఎడమ జేబులోని చింతగింజ ఒకటి కుడి జేబులోకి పోవాలి. మధ్యలో మంచె దిగితే ఆ ఏటి లెక్క లేనట్టే.

పక్క బీటు గార్డు రాజలింగు మంచె ఎక్కి పదేళ్లు దాటింది. ఏటా నిరుటి అంకెకు ఓ ఇరవై కలిపి రాసేవాడు. దుప్పులు తగ్గాయంటే పైనుంచి మెమో వస్తుంది. పెరిగాయంటే ఎవరూ ఏమీ అడగరు. అతని బీటులో ఇప్పుడు నాలుగు వందల పన్నెండు.

ఎనభై ఎనిమిది ఎండాకాలంలో ముసర రోగం గోదావరి దాటి వచ్చింది. పశువు నోట్లో పుండ్లు, చొంగ, ఆగని పారుడు. వారం తిరిగేసరికి కళేబరం. హైదరాబాదు నుంచి పశువుల డాక్టరు సరళాదేవి జీపులో వచ్చి, గార్డులందరినీ గెస్టుహౌసు వరండాలో కూర్చోబెట్టింది.

"రోగం ఆవుల నుంచి దుప్పులకు పోతది, మళ్ల దుప్పుల నుంచి ఆవులకొస్తది. ఎక్కడ ఎన్ని దుప్పులున్నయి, ఏటేటా ఎట్ల పెరిగినయి, అది తెలిస్తే రోగం ఎటు పోతదో మా మిషిన్ లెక్కగట్టి చెప్తది. టీకామందు కొంచెమే ఉంది. దుప్పులెక్కువున్న అడవి పక్క ఊర్లకు ముందు వేస్తం. మీ పాత లెక్కల పుస్తకాలు రేపు తీసుకరండి."

తిరిగి వస్తుంటే రాజలింగు సైకిలు దిగి పక్కన నడిచాడు.

"ఏం రాయమల్లన్నా, నీ అరవై ఒక్క దుప్పులకు సీసాడు మందు గూడ రాదు. నేను ఊకెనే పెంచుకొచ్చిననుకున్నవా?"

"నీ దుప్పులకు ఏ రోగం రాదులేరా," అన్నాడు రాయమల్లు. "ఉంటే గదా వచ్చేటందుకు!"

రాజలింగు పగలబడి నవ్వాడు. రాయమల్లు నవ్వలేదు.

అడవి పక్క ఇప్పలగూడెంలో, రాయమల్లు ఇంటి ముందు మరదలు భూమవ్వ నిలబడి ఉంది. తన అక్క, రాయమల్లు పెళ్లాం సారక్క చనిపోయినప్పటి నుంచి, పదకొండేళ్లుగా, ఆమె ఈ గడప తొక్కలేదు. ఇప్పుడూ తొక్కలేదు. తడక అవతలే నిలబడింది.

"బావా, నాకున్నయి రెండెడ్లు. మొగడు లేడు. అవి పోతే నేను పోయినట్టే. అంకె నీ చేతుల ఉన్నదట. రాజలింగు చెప్పిండు."

"ఉన్నయి అరవై ఒకటి."

"ఎన్నున్నయో ఎవడడిగిండు నిన్ను?"

రాయమల్లు చెప్పుల దుమ్ము దులుపుకుంటూ కూర్చున్నాడు.

"ఆనాడు గూడ గిట్లనే. అక్కకు కామెర్లు ముదిరినయి, బండి కట్టి మంచిర్యాల దవాఖానకు తీస్కపోవాలె అని నేనే కుంటకాడికి ఉరికొచ్చిన. దిగినవా నువ్వు? పొద్దుగూకనియ్యి అంటివి. గా అక్క కోసం మంచె దిగలే. గీ ఎడ్ల కోసం ఒక్క అంకె మార్చవా?"

జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

అది డెబ్బై ఏడు వైశాఖం, లెక్కనాడు. పొద్దుగూకాకే దిగాడు. బండి కట్టేలోపే సారక్క పోయింది. స్నానానికని చొక్కా విప్పితే కుడి జేబులోంచి గింజలు రాలాయి. ఏరి లెక్కపెట్టాడు. నలభై మూడు. దినాలయ్యాక పుస్తకంలో రాసి పంపితే పైనుంచి మెమో వచ్చింది, నిరుటికంటే తక్కువెందుకని.

తెల్లారి రాయమల్లు కొత్త పుస్తకం ఒకటి తీశాడు. పద్నాలుగేళ్ల లెక్కను ఒకటికి నాలుగు చొప్పున ఎక్కించడం మొదలుపెట్టాడు. డెబ్బై ఏడు దగ్గర నూట డెబ్బై రెండు అని రాయాలి. కలం ఎత్తాడు. నలభై మూడు అనే రాశాడు. తక్కినవన్నీ నాలుగింతలు చేసి, ఈ ఏటికి రెండు వందల నలభై నాలుగు వేసి, పుస్తకం సంచిలో పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. మొహం విప్పారింది.

"భలే రాసుకొచ్చిండ్రు రాయమల్లూ. అన్ని అంకెలు ఒక్క గీత మీద నడుస్తున్నయి." వేలు ఆగింది. "ఈ డెబ్బై ఏడు ఒక్కటే... నలభై మూడా? ఆ రోజు మొత్తం కూసున్నరా?"

"కూసున్న."

"మధ్యల ఏదన్నా పని పడి లేచి పోయిండచ్చు. ఫికర్ చెయ్యకండి, అందరికీ అయితది. ఇది తీసేస్తె సరిపోతది."

ఎర్ర పెన్సిలుతో ఆ ఒక్క అంకె మీద గీత కొట్టింది. రాయమల్లు పెన్సిలునే చూస్తూ నిలబడ్డాడు. నోరు విప్పితే తక్కిన పదమూడు అంకెల సంగతీ చెప్పాలి.

పదిరోజులకు ఐసు పెట్టెల్లో మందు వచ్చింది. ఇప్పలగూడెం పశువులన్నిటికీ సూదులేశారు. భూమవ్వ ఎడ్లకూ వేశారు. ఆమె వచ్చి చెప్పలేదు. ముసర రోగం వాగు అవతలి ఊళ్లలో పడి కొట్టాలు ఖాళీ చేసింది. అక్కడి బీటువాడు ముప్పై రెండు దుప్పులని రాసిచ్చాడట. నిజమే రాసి ఉంటాడు.

మళ్లీ వైశాఖం వచ్చింది. ఇప్పుడు అరవై అని రాస్తే తక్కిన దుప్పులేవని అడుగుతారు. లెక్కనాడు రాయమల్లు కుంటకు పోలేదు. పొద్దున్నే రెండు వందల అరవై అని రాసి పుస్తకం మూశాడు. పొద్దుగూకేదాకా ఇంట్లోనే ఉన్నాడు. ఇంట్లో ఎవరూ లేరు.