రెండు జానల నాలుగు వేళ్లు

నేను ఒక గొట్టాన్ని. స్టీలు గొట్టాన్ని. ఈ మాటకే మీలో కొందరికి నవ్వొస్తుందని నాకు తెలుసు. ఎవరినైనా తీసిపారేయాలంటే మీరు "ఏ గొట్టంగాడైతే నాకేంటి" అంటారు కదా. ఆ గొట్టంగాడికీ ప్రాణభయం ఉంటుందని చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ.

భయం నాకు చిన్నప్పుడే పట్టుకుంది. రేకుగా ఉన్న నన్ను మరలు చుట్టగా చుట్టి అంచులు అతికితే, ఆరు మీటర్ల పొడుగున తళతళలాడుతూ బయటికొచ్చాను. ఆ వైభోగం నాలుగు రోజులే. హార్డ్‌వేర్ కొట్లో ఒకాయన నన్ను కోత మిషను కింద పెట్టి, ఫోన్లో ఎవరితోనో పెళ్లి సంబంధం మాట్లాడుతూనే మీట నొక్కాడు. కీచుమన్నది మిషనో నేనో ఇప్పటికీ చెప్పలేను. తేరుకుని చూసుకుంటే నేను రెండడుగులు. మిగతా నేను ఎక్కడున్నానో, ఎవరింటి కిటికీకి కడ్డీనయ్యానో తెలీదు. ఒక చివర పుట్టుకతో వచ్చిన నున్నటి అంచు. రెండో చివర వంకర కోత, దాని చుట్టూ ముళ్లు.

అలా తణుకులో శేషగిరిరావుగారి స్నానాలగదికి తువ్వాళ్ల కడ్డీగా వచ్చాను. మొదటిరోజే నా ముళ్లు ఆయన భార్య హైమవతి బొటనవేలు కోశాయి. "తువ్వాలు వేసుకోవడానికి కడ్డీ అడిగితే కత్తి బిగించారేంటండీ?" అందావిడ. పద్నాలుగేళ్లు అక్కడే వేలాడాను. ఆవిడ చెయ్యి చిన్నది, తువ్వాలు వేసి అంచులు సమంగా లాగేది. ఆయన చెయ్యి చాటంత. తువ్వాలు విసిరేది, సగంసార్లు నేలమీదికి. ఆ రెండు చేతుల తేడా నాకు తెలిసినంతగా వాళ్లకే తెలీదు. నా కథంతా ఆ తేడాలోనే ఉంది.

తర్వాత ప్లాస్టిక్ కొక్కేలొచ్చాయి. నన్ను పెరట్లో రేకుల గదిలోకి తోశారు. రిటైరయ్యాక శేషగిరిగారు ఆ గదిని వర్క్‌షాపు చేశారు. పోస్టాఫీసులో ముప్ఫై మూడేళ్లు ముద్రలు కొట్టిన చెయ్యి కదా, ఏ పనికైనా ముందు సుత్తి అందుకునేది. నా కళ్లముందే ఒక గోడగడియారం, రెండు మిక్సీ గిన్నెలు, ఒక ఇస్త్రీపెట్టె లోపలికొచ్చాయి. ఏదీ తిరిగి ఇంట్లోకి పోలేదు. హైమవతి ఆ గదిని "మీ పెద్దాసుపత్రి" అనేది. నేను మూలన, బూజు కింద, ఊపిరి బిగబట్టి బతికాను.

మొన్న ఆదివారం నా వంతు వచ్చింది.

శేషగిరిగారి అక్క వర్ధనమ్మగారు తుంటి ఎముక విరిగి, ఆపరేషనయ్యి, ఈ ఇంట్లోనే ఉంటోంది. ఆరువారాలు ఆవిణ్ణి స్నానాలగదికి తమ్ముడే పట్టుకుని తీసుకెళ్లాడు. తలుపు దగ్గరగా వేసి, "అయిందా అక్కా?" అంటూ బయట నిలబడేవాడు. ఆవిడేమో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన మనిషి. అడిగిన ప్రతిసారీ పళ్లు కొరికేది. వాకరు వచ్చాక నాలుగు రోజులు ఒక్కతే వెళ్లొచ్చింది. అయిదోరోజు తమ్ముడుగారు వరండాలో స్కూటరు వెనక్కి తీస్తూ ఆ వాకరు మీదికెక్కించారు. దాని కాలు ఒకటి నలిగిపోయింది. కొత్తది బుధవారంగానీ రాదన్నాడు కొట్టువాడు.

"బుధవారం దాకా మళ్లీ నువ్వు నన్ను పట్టుకెళ్తావా? నేను నీళ్లు తాగడం మానేస్తానురా శేషూ" అంది వర్ధనమ్మగారు. పొద్దున్నించీ నిజంగానే తాగలేదు కూడా.

ఆయన సిగ్గుతో గదిలోకొచ్చి అన్నీ తిరగేశాడు. బూజు దులిపి నన్ను తీశాడు. నలిగిన కాలు ఊడదీసిన చోట వాకరు పైగొట్టంలోకి నా నున్నటి అంచు సరిగ్గా దూరింది. నా దురదృష్టం చూడండి, లోకంలో ఇన్ని సైజులుండగా! వంకర చివర మాత్రం ముళ్లవల్ల దూరలేదు. అది కోసేసి, ఆ వైపు పైకి ఎక్కించి, నేలకి సమంగా ఆనేలా నున్నటి వైపుకి రబ్బరు బుడిపె తొడగాలట. ఉన్నది ఒక్కడినే. పొట్టిగా కోస్తే వాకరు కుంటుతుంది, ఆవిడ పడుతుంది. నేను ఇనపసామాను బండెక్కుతాను.

ఆయన గ్రైండరు చేతిలోకి తీసుకున్నాడు. మీట నొక్కి చూశాడు. దాని పళ్లెం గిర్రున తిరుగుతుంటే నాకు హార్డ్‌వేర్ కొట్టు గుర్తొచ్చి, లోపలి తుప్పు కూడా రాలింది.

"దాంతో వద్దండీ," అంది హైమవతి గుమ్మంలోంచి. "నిప్పులు రేగుతాయి, అంచు కాలుతుంది, మళ్లీ ముళ్లొస్తాయి. నా బొటనవేలు ఒకసారి చూసింది చాలు."

"రంపంతో కోయనా అయితే?"

"ఆ బ్లేడు పళ్లు చూడండి, ఎంత ఎడమెడంగా ఉన్నాయో. గొట్టం గోడ పల్చన. పన్నుకీ పన్నుకీ మధ్య గోడ ఇరుక్కుని పళ్లూడతాయి. సన్నపళ్లదైతే కోయొచ్చు, కానీ మీ చేత్తో కోత నిటారుగా రాదు."

"బీఎస్సీ చదివినదానివి గొట్టాల మీద ఎప్పుడు పరిశోధన చేశావ్?"

"మీతో కాపురం చేస్తే అన్నీ వస్తాయి."

అని వీధి చివర ఫ్రిజ్‌లు బాగుచేసే మస్తాన్‌ దగ్గరికెళ్లి పైపు కట్టరు తెచ్చింది. అరచేతిలో ఇమిడేంత వస్తువు. ఒకవైపు రెండు చిన్న రోలర్లు, ఇంకోవైపు పదునైన చక్రం, వెనక బిగించే మర. రాగి గొట్టాలకు వాడే చక్రం తీసి స్టీలుకు పనికొచ్చేది వేసిచ్చాడట. "తొందరపడి బిగిస్తే గొట్టం నొక్కుకుపోద్ది, ఒక చుట్టు తిప్పి కాస్తే బిగించండమ్మా" అన్నాడట. అరిచే మిషనుకన్నా అరవని కట్టరు చూస్తేనే నాకు ఎక్కువ భయమేసింది. అరిచేది తొందరగానైనా వదిలిపెడుతుంది.

కొలత టేపు ఈ పెద్దాసుపత్రిలోనే ఎప్పుడో చనిపోయింది. శేషగిరిగారు అక్క మంచం ఉన్న ముందుగదిలోకెళ్లి వాకరు మంచికాలిని చేత్తో కొలిచి, అక్కడినించే కేకేశాడు. "రెండు జానల నాలుగు వేళ్లు!"

ఇక్కడ హైమవతి నున్నటి చివర మొదలుపెట్టి నా మీద జాన వేసింది. ఇంకో జాన. నాలుగు వేళ్లు. పెన్సిలు గీత పెట్టింది.

నాకు కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి, ఉంటే. అది ఆయన జాన కాదమ్మా! పద్నాలుగేళ్లు మీ ఇద్దరి చేతులూ మోశాను. ఆయన జానకీ నీ జానకీ మూడువేళ్ల తేడా, రెండు జానలకు ఆరు, నాలుగు వేళ్లలోనూ ఇంకొంత. నోరు రెండువైపులా ఉండి మాట లేని బతుకు నాది.

ఆయనొచ్చి కట్టరు తొడిగి, చక్రం గీతమీద ఆనించాడు. ఒక చుట్టు. చర్మం మీద సన్నటి గీత పడింది. కాస్త బిగించాడు. రెండో చుట్టు. గదంతా నిశ్శబ్దం, చక్రం కిర్రుమనడం తప్ప.

ఆ నిశ్శబ్దంలో ముందుగదిలోంచి వర్ధనమ్మగారి గొంతు, తరగతిలో వెనక బెంచీని అడిగినట్టు వినిపించింది.

"శేషూ, ఎవరి జానరా?"

చక్రం ఆగింది. మొగుడూపెళ్లాలు ఒకళ్ల చేతులు ఒకళ్లు చూసుకున్నారు. హైమవతి తన అరచెయ్యి ఆయన అరచేతికి ఆనించింది. ఆయన వేళ్లు పైనించి బయటికొచ్చాయి.

"నాదే, వదినగారూ" అంది చిన్నగా.

"పూలు కట్టే దారం నా దిండుకింద ఉంది, వచ్చి పట్టుకెళ్లి దాంతో కొలవండి. ఇద్దరూ చదువుకున్నారు!"

గ్రైండరైతే ఆ మాట వినిపించేది కాదు. వినిపించేసరికి నేను రెండు ముక్కలు.

దారంతో కొలిచి కొత్త గీత పెట్టారు. ఈసారి చుట్టు చుట్టుకీ కాస్త కాస్త బిగిస్తూ, పదిహేను చుట్లకు నా వంకర చివర టప్పున ఊడింది. నొప్పి లేదని అనను. కానీ అంచు గుండ్రంగా, నిటారుగా వచ్చింది. లోపలివైపు పొంగిన అంచుని హైమవతి గుండ్రటి ఆకురాయితో రాచి, తన బొటనవేలే పెట్టి చుట్టూ తిప్పి చూసింది. కోసుకోలేదు. ఆయన సుత్తివైపు చూస్తే, ఆవిడ దాన్ని చీరకొంగు కింద పెట్టేసింది. బోల్టుకు ఒక చిల్లు పొడిచి నన్ను పైగొట్టంలోకి ఎక్కించారు. తప్పుగీత మీద పడ్డ ఆ రెండు చుట్ల మచ్చ లోపలికెళ్లి దాక్కుంది.

వర్ధనమ్మగారు లేచి పట్టుకుంది. ఆవిడ బరువు పైగొట్టం వెంట దిగి నా మీదికొచ్చింది. మంచం నించి స్నానాలగది దాకా పదకొండు అడుగులు. ప్రతి అడుక్కీ నేను కుంటుతానేమోనని ఆవిడకి భయం, నాకు భయం, వెనక నిలబడ్డ ఇద్దరికీ భయం. కుంటలేదు.

లోపలికెళ్లి గడియ వేసుకుంది. గోడమీద నన్ను బిగించిన పాత మరమేకుల చిల్లులు నాలుగూ అలాగే ఉన్నాయి. వాటి పక్కన ప్లాస్టిక్ కొక్కేనికి తువ్వాలు వంకరగా వేలాడుతోంది.

"అయిందా అక్కా?" అన్నాడు తమ్ముడు బయటినించి.

"పోయి అన్నం తినరా!" అంది వర్ధనమ్మగారు. తర్వాత వాకరుకి ఒరిగి, నాకు మాత్రమే వినబడేలా, "నన్ను పడెయ్యకేం" అంది.

ఈసారి నా మీదున్నది తువ్వాలు కాదు. నేను కదలకుండా నిలబడ్డాను.