సున్నం చేతులు

గురువారం మధ్యాహ్నం, సరిగ్గా మేం అన్నానికి కూర్చున్న వేళ, మా గోడకు సున్నం కొట్టడానికి పురపాలక బండి వచ్చింది. డాకర్‌లో బుద్ధున్నవాడెవడూ ఆ వేళకు పని మీద రాడు. తినడానికే వస్తాడు.

ముందు ఆ గోడ సంగతి చెప్పాలి. మెదీనా పేటలో, చేపల సందు చివర, ముప్పై రెండు మంది ఆడవాళ్లు ఇరవై ఏళ్లుగా చేపలు అమ్మేవాళ్లు. వాళ్లలో పెద్దది మా అమ్మ సైనాబు. సందంతా ఆమెను యాయ్, అంటే అమ్మా, అనే పిలుస్తుంది. శుభ్రత పేరు చెప్పి పురపాలక కార్యాలయం వాళ్లు పందిళ్లు పీకేశారు, ఖాళీ అయిన చోటు వెంబడి పొడవాటి గోడ లేపారు. మా చోటు మాకివ్వండని వెళితే గుమాస్తా ఒకడు తలెత్తకుండానే, "మీరక్కడ కూర్చున్నారనడానికి ఆధారమేది?" అన్నాడు. వాడు ఇరవై ఏళ్లూ మా అమ్మ దగ్గర చేపలు కొన్నవాడే. నాకు ఒళ్లు మండిపోయింది.

నా పేరు అరామ్ జోప్, సైనాబు కూతుర్ని. దుకాణాల బోర్డులు రాసి, బస్సుల మీద పువ్వులు గీసి బతుకుతాను. ఆధారం కావాలన్నారు కదా అని, ఆ గోడ మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒక అన్నం పళ్లెం గీశాను. ఎర్రటి అన్నం, మధ్యలో పెద్ద చేప, చుట్టూ వంకాయ, క్యారెట్టు. అంచు మాత్రం ఖాళీగా వదిలేశాను. మేమంతా ఒకే పళ్లెంలో తింటాం. ఎవరి ముందు చోటు వాళ్లది, పక్కవాళ్ల చోట్లో చెయ్యి పెడితే తల్లి ఊరుకోదు. అందుకే గోడ కింద రంగు బేసిన్ పెట్టి, పైన "కాయ్ లెక్" అని రాశాను. రా, తిను అని. కుడిచెయ్యి రంగులో ముంచి ఎవరి చోట వాళ్లు అద్దాలి.

ముందు మా ఆడవాళ్లే అద్దారు, ఒకప్పుడు ఎవరు ఎక్కడ కూర్చునేవాళ్లో ఆ చోటుకు ఎదురుగా. అమ్మకు చూపుడు వేలు సగమే ఉంటుంది, ఏనాడో చేప కోస్తుంటే తెగిపోయింది. ఆ చెయ్యిని వంద చేతుల్లో ఉన్నా గుర్తుపట్టొచ్చు. తర్వాత బస్సు డ్రైవర్లు, కాలేజీ పిల్లలు, మసీదు నుంచి వచ్చే ముసలాళ్లు వచ్చారు. రెండు వారాల్లో అంచు నిండిపోయింది. చోటు చాలక జనం పోట్లాడుకున్నారు కూడా.

శుక్రవారం పొద్దున వచ్చి, చోటు చూసి తేలుస్తామని పురపాలక సభ్యులు చెప్పారు. గోడ మీది బొమ్మ అంతవరకు నిలిస్తే మాకు చాలు. అలాంటిది గురువారమే సున్నం బండి దిగిందంటే అది ఎవరి తెలివో మాకు తెలియదా?

బండిలోంచి బొద్దుగా ఉన్న మేస్త్రీ దిగాడు. పేరేమిటని అడిగాను.

"మోమార్ న్జాయ్."

ఆ మాట వినగానే మా వాళ్లు ఫక్కున నవ్వారు. జోప్‌లకూ న్జాయ్‌లకూ బావామరదళ్ల సరసం లాంటిది తాతల నాటి నుంచీ ఉంది. ముక్కూ మొహం తెలియకపోయినా ఇంటిపేరు తెలిస్తే చాలు, వెక్కిరింత మొదలవ్వాలి. ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు, అడిగింది కాదనకూడదు.

"ఓహో, మా ఇంటి పాలేరువా! చేతులు కడుక్కుని రా, తిందువుగాని."

"నేను పాలేరునా? మీ తాతే మా గొడ్లు కాశాడే, తిండిపోతా! జోప్ కూర్చున్న పళ్లెంలో నాకేం మిగులుద్ది?"

"చేప తలకాయ ఉంచాను. నీకు మెదడు తక్కువ కదా."

కూర్చున్నాడు. రమ్మన్న పళ్లెం దగ్గర కూర్చోకపోతే తప్పు. కడుపునిండా తిని, వేళ్లు నాక్కుని, జేబులోంచి కాగితం తీశాడు. అప్పటిదాకా నవ్విన మొహం మాడిపోయింది.

"చూడు జోప్. సాయంత్రం నమాజుకల్లా గోడ తెల్లగా ఉండాలంట. లేకపోతే నా ఉద్యోగం ఊడుద్ది. వద్దని మాత్రం అడగమాక. నువ్వడిగితే నేను కాదనలేను. నలుగురు పిల్లలున్నారు నాకు."

అడిగేద్దామనే అనుకున్నాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మ నా మోకాలు మీద గట్టిగా గిల్లింది.

"వాడి చోట్లో చెయ్యి పెట్టకే," అంది.

మింగేశాను. "కొట్టుకో ఫో, పాలేరూ."

బిరామ్ అనే కూలీ సున్నంలో కుంచె ముంచి గోడ ముందుకెళ్లి ఆగిపోయాడు. "మేస్త్రీ, ఇది నా చెయ్యే. పక్కది మా ఆవిడది."

"కళ్లు మూసుకుని కొట్టరా."

కొట్టాడు. ఒక్కో చెయ్యీ తెల్లబడిపోయింది. అమ్మ చెయ్యి దగ్గరికి వచ్చాక న్జాయ్ కుంచె తనే తీసుకున్నాడు. "ఏమనుకోకు యాయ్," అన్నాడు. అమ్మ రెప్పవేయకుండా చూస్తూ కూర్చుంది. గోడ ఖాళీ అయ్యేసరికి నాకు ఏడుపు రాలేదు, పిచ్చి కోపం వచ్చింది.

డ్రమ్ములో ఇంకా సగం సున్నం ఉంది. పక్కనే పురపాలక బండి ముదురాకుపచ్చగా నిలబడి ఉంది.

"న్జాయ్, ఒక్కటి అడుగుతాను, ఇస్తావా?"

"గోడ తప్ప ఏదైనా అడుగు."

"కాస్త సున్నం."

గండం గడిచిందనుకుని పకపకా నవ్వాడు. "ఓస్, ఇంతేనా! జోప్‌లు ఆఖరికి సున్నం కూడా తింటారన్నమాట! తీసుకోవే, కడుపు నిండేదాకా తీసుకో!"

సందంతా విన్నది. జోప్‌కు న్జాయ్ ఇచ్చిన మాట వెనక్కి పోదు. నేను సంచిలోంచి, రంగుల్లో కలిపే జిగురు సీసా తీసి డ్రమ్ములో మొత్తం ఒంపేశాను.

"అదేంటి?"

"చక్కెర. మేం చప్పగా తినం."

ఒట్టి సున్నం ఎండితే రాలిపోతుంది. నా జిగురు కలిస్తే ఇనుమును కూడా వదలదు. కుడిచెయ్యి ముంచి, తిన్నగా వెళ్లి బండి తలుపు మీద అద్దాను. నా వెనకే అమ్మ వచ్చి, సగం వేలితో సహా అరచెయ్యి పూర్తిగా ఆనించింది. కత్తి గాట్లున్న చేతులకు సున్నం తగిలితే ఎలా ఉంటుందో చేపలమ్మేవాళ్లను అడగాలి. ఒక్కరూ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ముప్పై రెండు మందీ అయ్యాక దారిన పోయేవాళ్లు, ఆఖరున బిరామ్ కూడా అద్దారు.

"ఏయ్! ఏయ్! అది ఆఫీసు బండే తల్లీ!"

"కడుపు నిండేదాకా అన్నావుగా. నాకింకా నిండలేదు. ఏం, కోపమొస్తోందా న్జాయ్?"

తల పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. ఏడుస్తున్నాడేమో అని దగ్గరికి వెళ్లి చూస్తే నవ్వుతున్నాడు. కాగితం మళ్లీ విప్పి, ముందూ వెనకా తిప్పి చూశాడు.

"గోడ తెల్లగా ఉండాలని రాశారు, ఉంది. బండి గురించి ఇందులో ఏం లేదు." కాగితం జేబులో పెట్టుకుని, "తలుపు పిడి మీద వెయ్యమాకండి, నా చేతికంటుద్ది," అన్నాడు.

వెళ్తూ వెళ్తూ ఖాళీ డ్రమ్ము మర్చిపోయాడు. మర్చిపోయాడనే అనుకున్నాం.

శుక్రవారం పొద్దున ముగ్గురు సభ్యులు వచ్చారు. వెంట ఆ గుమాస్తా. తెల్లటి గోడ చూసి పెద్ద సభ్యుడి మొహం విప్పారింది.

"ఇక్కడెవరూ కూర్చున్న ఆనవాలే లేదే."

అప్పుడే న్జాయ్ బండి తోలుకుంటూ వచ్చి, మర్చిపోయిన డ్రమ్ము కోసమని వాళ్ల వెనకే ఆపాడు. రాత్రంతా కడిగించారట, ఒక్క వేలు కూడా చెరగలేదు. అమ్మ వెళ్లి తన చేతిని ఆ తలుపు మీది చేతిలో పెట్టింది. సగం వేలు సగం వేలికి సరిపోయింది.

"నన్నెందుకు అడగడం బాబూ? మీ బండినే అడుగు."

గుమాస్తా తల దించుకున్నాడు. అమ్మ గోడ వైపు తిరిగి, తన పాత చోట పీట వేసి, కత్తి తీసి కూర్చుంది. మిగతా ముప్పై ఒక్కరూ ఎవరి చోట వాళ్లు కూర్చున్నారు.

"అనుమతి లేకుండా కూర్చోకూడదు, లేవండి!" అన్నాడు పెద్ద సభ్యుడు.

"ముందు మీ బండి కడుక్కుని రండి," అన్నాన్నేను.

ఇది జరిగి నాలుగు నెలలైంది. ఆ బండి ఏ సంతలో ఆగినా అక్కడి ఆడవాళ్లు తమ చెయ్యి కూడా వేసి పంపిస్తున్నారట. న్జాయ్ మధ్యాహ్నం అన్నం వేళకు మా పళ్లెం దగ్గరికే వస్తున్నాడు, తింటున్నంతసేపూ నన్ను తిండిపోతని తిడుతున్నాడు. కార్యాలయం నుంచి అనుమతి కాగితం ఇంకా రాలేదు. మేం మాత్రం కూర్చున్నాం.