నాలుగు వేళ్ళ వాలు

తాపీ మేస్త్రీకి ముక్కు మీద కోపం, చేతిలో రసమట్టం. ఈ రెండూ లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. అందుకే అందరూ "మట్టం మేస్త్రీ" అని పిలిచేవారు. ముప్పై ఏళ్ళ పనిలో తన చేతి కింద ఒక్క వంకర గోడ లేవలేదని, ఒక్క వంకర గచ్చు పడలేదని మీసం మీద చెయ్యేసి మరీ చెప్పుకునేవాడు. గొప్పలు కావు, నిజమే చెప్పేవాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ పాత పెంకుటింటి పని ఒప్పుకున్న రోజు నుంచీ ఆయనకూ ఇంటావిడ టీచరమ్మకూ పడితే ఒట్టు. ఇల్లు ఆవిడ తాతగారు కట్టింది. "ఉన్నది ఉన్నట్టే ఉండాలి మేస్త్రీగారూ" అన్నది ఆవిడ పెట్టిన ఒకే ఒక్క షరతు. తలుపులకు ఇనుప బందులు వద్దు, ఉప్పుగాలికి తుప్పు పట్టిపోతాయి, ఇత్తడివే కావాలి. గోడలకు సిమెంటు వద్దు, గవ్వలూ ఆల్చిప్పలూ కాల్చి చేసే గుల్లసున్నమే కావాలి.

"సిమెంటయితే పది రోజుల్లో గోడలు అద్దంలా చేసిస్తానమ్మా" అన్నాడు మేస్త్రీ.

"ఆ అద్దం లోపల చెమ్మ పట్టి పెచ్చులూడుతుంది. పక్కింటివాళ్ళ గోడ చూళ్ళేదూ?"

చూడకేం, చూశాడు. ఆ గోడ కట్టింది తనే. పెచ్చులూడితే ఊడింది గానీ నిట్టనిలువుగా ఉంది కదా అని తనలో తాను గొణుక్కుంటూ వెళ్ళి సున్నం నానబెట్టాడు.

ఈ పంతమంతా టీచరమ్మ మేనత్త కోసం. పుట్టి పెరిగి, సగం జీవితం గడిపింది ఆవిడ ఈ ఇంట్లోనే. నాలుగేళ్ళ కిందట రెండు కళ్ళూ పోయాయి. అప్పటినుంచీ మేనకోడలి అద్దె వాటాలో, మూడో అంతస్తులో ఉంటోంది. అక్కడ అన్ని గదులూ ఒకలాగే ఉంటాయి. స్నానాల గదికి వెళ్ళాలన్నా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. ఆ చెయ్యి అడగలేక ఆవిడ మంచినీళ్ళు తాగడం తగ్గించిందని తెలిసిన రోజు టీచరమ్మ ఏడ్చింది. ఆ మర్నాడే మేస్త్రీని పిలిపించింది.

"మన ఇంట్లో అయితే నాకు ఎవరి చెయ్యీ అక్కర్లేదే" అంది మేనత్త. "కానీ ముందు ఒక్కసారి నడిచి చూస్తాను. పెరటి గుమ్మం నుంచి సముద్రం వైపు తలుపు దాకా ఒంటరిగా నడవగలిగితే ఉంటాను. లేదంటే ఆ ఊసు మళ్ళీ ఎత్తొద్దు."

గోడలు అయ్యాయి, తలుపులు అయ్యాయి. ముందు సావిడి గచ్చు మిగిలింది. అది బీటలు వారి లేచిపోయింది. సరిగ్గా అప్పుడే టీచరమ్మ పరీక్షల పని మీద నాలుగు రోజులు వేరే ఊరు వెళ్ళింది. మేస్త్రీ పాత గచ్చు తవ్వే ముందు అలవాటు కొద్దీ రసమట్టం పెట్టి చూశాడు. చూసి నోరు వెళ్ళబెట్టాడు. వంటింటి వైపు కన్నా సముద్రం వైపు నాలుగు వేళ్ళు కిందికి ఉంది!

"ఎవడ్రా బాబూ వేసింది, నిద్రలో వేశాడా!" అనుకున్నాడు. కళ్ళు లేని మనిషి నడవాల్సిన చోటు. ఈ వాలులో కాలు జారి పడితే ఎవరిది పాపం? ఉన్నది ఉన్నట్టే అన్న మాట గుర్తు రాకపోలేదు. వచ్చినా, వంకరను కూడా ఉంచమని ఏ తలకాయ ఉన్న మనిషీ చెప్పదులే అని సర్దిచెప్పుకున్నాడు. నాలుగు రోజులు ఒళ్ళు వంచి గచ్చు వేశాడు. సమంగా, నున్నగా, నీటిబొట్టు వేస్తే కదలనంత సమంగా వేశాడు. సముద్రం వైపు తలుపు కింద రాయికి చిన్న కన్నం ఉంటే అదీ పూడ్చేశాడు.

నెల రోజులకు గచ్చు ఆరింది. మేనత్త వచ్చింది. ఆవిడ రేకు పెట్టె కూడా కారులో వచ్చింది గానీ, "దించకండి, ముందు నడవనీ" అంది.

చెప్పులు విప్పి పెరటి గుమ్మం దాటింది. అబ్బ, ఏం నడక అది! వంటింట్లో గట్టును తప్పుకుంది, దూలం వంగిన చోట తల వంచింది, గడప ఎత్తుకు సరిగ్గా కాలెత్తింది. టీచరమ్మ ఊపిరి బిగబట్టి చూస్తోంది. మేస్త్రీకి తన పనితనానికే కళ్ళు చెమర్చాయి.

సావిట్లో నాలుగడుగులు వేసి మేనత్త ఆగిపోయింది. కుడికి ఒక అడుగు వేసింది. వెనక్కి వేసింది. చేతులు రెండూ ముందుకు చాచి గాలిలో తడుముకుంది. ఆ ఇంట్లో ఆవిడ చేతులు చాచడం అదే మొదలు.

"ఇది మన ఇల్లు కాదే" అంది. "కాలు కిందికి దిగితే సముద్రం, పైకెక్కితే వంటిల్లు. తుఫానుకి దీపాలారిపోతే మా నాన్న మాకు చెప్పిన దారి అదే. వాన లోపలికి కొట్టినా నీళ్ళన్నీ తలుపు కింద కన్నంలోంచి వాటంతటవే బయటికి పోయేవి. ఇక్కడ కాలికి ఎటూ తెలీడం లేదు. పద, పోదాం."

టీచరమ్మ ఒక్కమాటా అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది మేస్త్రీకి. తిడితే ఎదురు తిట్టేవాడు, మనసు తేలికపడేది. ఆవిడ అత్త చెయ్యి పట్టుకుని నడిపించుకు వెళ్తుంటే, ఆ చెయ్యి పట్టుకోవాల్సి రావడం తన వల్లేనని తెలిసి నిలవలేకపోయాడు.

"అమ్మగారూ!" అంటూ కారు దాకా పరిగెత్తాడు. "తప్పు నాదే. మీవాళ్ళు ఉన్నట్టే వెయ్యమన్నారు, నేనే తెలివి చూపించాను. రేపంతా తవ్వేస్తాను. కానీ పాత గచ్చు ఎక్కడ ఎంత దిగిందో నాకు గుర్తులేదు. ఎల్లుండి పొద్దున ఒక్కసారి వచ్చి నిలబడండి. మీ కాళ్ళకి తెలుసు."

మేనత్త కారెక్కబోయిన కాలు కిందికి దించింది. "మధ్యమధ్య కూర్చోడానికి కుర్చీ వేస్తావా?" అంది.

"కుర్చీయేమిటమ్మా, సింహాసనమే వేస్తాను."

మూడోనాడు పొద్దున ఆయన తడి ఇసుక పరిచి చెక్కతో సర్దుతుంటే ఆవిడ అడుగడుగునా నిలబడి చెప్పింది. "ఇక్కడ ఇంకాస్త దించు. ఊహూఁ, ఎక్కువైంది. ఆఁ, ఇదీ! ఇక్కడే మా తమ్ముడి గోళీ వేగం పుంజుకునేది." మేస్త్రీ ఎక్కడికక్కడ మేకులు దిగేసి దారాలు కట్టి, ఆ వాలుకే గచ్చు వేశాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి రసమట్టం సంచిలోంచి బయటికి రాలేదు. రాతికి ఉన్న కన్నం మళ్ళీ తెరిచాడు.

మరో నెల గడిచింది. మేనత్త మళ్ళీ చెప్పులు విప్పింది. వంటిల్లు దాటింది, సావిట్లోకి దిగింది. నాలుగో అడుగు దగ్గర మేస్త్రీ కళ్ళు మూసేసుకున్నాడు. గడియ తీసిన చప్పుడు విని, ఆ వెనకే ఉప్పుగాలి మొహానికి కొట్టాకే తెరిచాడు. బార్లా తెరిచిన తలుపు మధ్యలో ఆవిడ నిలబడి ఉంది. చేతులు రెండూ పక్కనే ఉన్నాయి.

"పెట్టె దించమనవే" అంది.

మేస్త్రీ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. తనే పెట్టె భుజానికెత్తుకుని, కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే సావిట్లోకి వచ్చాడు.

"మెల్లగా నాయనా" అంది మేనత్త. "అక్కడ వాలు ఉంటుంది."